తిరుపతి రోడ్లమీద సైకిల్: అంచు పట్టుకుని పోతే చాలా?

ఎం.ఆర్.పల్లి నుంచి బస్టాండ్ దగ్గరి ఆఫీసుకు సైకిల్ మీద పోదామనుకుంటున్నా, బస్సులూ ఆటోలూ చూస్తే భయమేస్తోంది, ఎడమ అంచు పట్టుకుని పోతే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. నేను ఈ ఊళ్లోనే చాలాకాలంగా సైకిల్ తొక్కుతున్నా, ఇంట్లోవాళ్లతో కలిసి వెళ్లేటప్పుడు కారూ నడుపుతా. రెండువైపుల నుంచీ చూశాక చెప్తున్నా, అన్నిటికంటే ప్రమాదం ఆ అంచులోనే ఉంది.

మన రోడ్ల అంచున ఉండేవేంటి? ఇసక, కాలువ మూతలు, తోపుడుబండ్లు, నిలిపిన కార్లు. కాస్త దూరం పోయేసరికి ఏదో ఒకటి అడ్డొస్తుంది, కుడివైపుకు తిప్పక తప్పదు. మీరు ఉన్నట్టుండి అలా తిప్పితే వెనకొచ్చే వాళ్లకు ఏం చెయ్యాలో పాలుపోదు. గంటకు 60 కిలోమీటర్ల మీద ఉన్న కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడేలోపే ఆ దూరం అయిపోతుంది. అందుకే అంచు నుంచి ఓ మీటరు లోపలికి జరిగి, గీత గీసినట్టు తిన్నగా తొక్కండి. వెనకనుంచి హారన్లు మోగుతాయి, ఒకరిద్దరు తిడతారు కూడా. తిట్టేవాడికి మీరు కనబడినట్టే లెక్క, ఆ మాత్రం చాలు.

నిలిపిన కార్ల పక్కనైతే ఇంకా ఎడంగా ఉండాలి. ఒకరోజు పొద్దున లాడ్జీల ముందునుంచి పోతున్నా. కర్ణాటక కారు ఒకటి, పైన సామాను కట్టి ఉంది. కుడివైపు వెనక తలుపు దభీమని తెరుచుకుంది, గుండు మీద చందనం ఇంకా ఆరని పిల్లాడు ఒకడు కిందికి దూకాడు. తలుపు అంచుకూ నా హ్యాండిల్‌కూ మధ్య జానెడు సందు మిగిలింది. వాళ్లమ్మ వాడి చొక్కా పట్టి లోపలికి లాగింది. రాత్రంతా కొండమీద క్యూలో నిలబడి వచ్చినవాళ్లను ఏమంటాం? కార్లలో తిరిగేవాళ్లు ఒక్క అలవాటు చేసుకుంటే మేలు: కుడివైపు కూర్చున్నవాళ్లు తలుపును ఎడమ చేత్తో తెరవాలి, ఎడమవైపు వాళ్లు కుడిచేత్తో. ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, చూపు వెనక్కి పోతుంది.

మన ఊరికి ఇంకో సంగతి ఉంది. ఇక్కడ బండి నడిపేవాళ్లలో చాలామందికి ఈ ఊరు కొత్త. ఫోన్లో మ్యాపు చూస్తూ వస్తారు, అలిపిరికో తిరుచానూరుకో మలుపు దాటిపోతోందని తెలియగానే నడిరోడ్డులో బ్రేకు వేస్తారు. బయటి నంబరు ప్లేటు కనబడితే కాస్త వెనకే ఉండండి. షేర్ ఆటోల సంగతికొస్తే, చూడాల్సింది ఆటోను కాదు, ముందు రోడ్డు పక్కన నిలబడ్డ మనిషిని. ఆ మనిషి చెయ్యి ఎత్తితే ఆటో ఎడమకు కోసేసి ఆగుతుంది, ఇండికేటర్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఏసీ కార్ల అద్దాలు దాటి మన బెల్లు వినబడదు. దాని బదులు కుడి హ్యాండిల్‌కు చిన్న అద్దం బిగించుకోండి. ఆటోలకైతే "అన్నా, నిదానం!" అని ఒక్క కేక చాలు.

బస్సుకు ఎడమపక్కన మాత్రం ఎప్పుడూ దూరకండి. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, ఎడమ మూల అతనికి సరిగ్గా కనబడదు. పైగా ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఊళ్లోని ఫ్లైఓవరు శ్రీనివాస సేతు పైకి కూడా నేను సైకిల్ ఎక్కించను. ఎక్కేటప్పుడు మనం నత్తనడక, పక్కకు తప్పుకోడానికి చోటుండదు. కింద స్తంభాల మధ్యనుంచి బండ్లు అడ్డంగా వస్తుంటాయి, అయినా అక్కడ వేగం తక్కువ.

కారు నడిపేవాళ్లకు ఒక మాట. జర్మనీలో 2020 నుంచి సైకిల్‌ను దాటాలంటే ఊళ్లో మీటరున్నర, ఊరి బయట 2 మీటర్లు వదలాలని చట్టం. మన సందుల్లో అంత చోటెక్కడ అంటారు. చోటు లేకపోతే ఆగండి. 15 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిల్ వెనక 200 మీటర్లు నడిపితే, 40 మీద పోవడం కంటే ఎక్కువయ్యేది అర నిమిషం. హారన్ కొట్టాలనుకుంటే దూరం నుంచే చిన్నగా కొట్టండి, వెనక చక్రం దగ్గరికొచ్చి మోగిస్తే తొక్కేవాడు ఉలిక్కిపడి మీ బండి కిందికే వస్తాడు.

చీకటి పడ్డాక వెనక ఎర్ర లైటు లేకుండా బయల్దేరొద్దు. తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు మధ్య) తమిళనాడు నుంచి భక్తులు రాత్రిళ్లు కూడా హైవే పక్కన నడుస్తూ వస్తారు, వాళ్లు మీకు కనబడాలంటే ముందు తెల్ల లైటు కూడా కావాలి.

రేపే మొదలుపెట్టకండి. ముందు ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఆ దారిలో ఒకసారి పోయి, గుంతలెక్కడున్నాయో చూసి పెట్టుకోండి. నవంబరు వానలు మొదలైతే అవి నీళ్లకింద కనబడవు. 2021 నవంబరులో ఊళ్లో నీళ్లెలా నిలిచాయో మీకూ గుర్తుండే ఉంటుంది. గట్టివాన పడే రోజు నేనైతే బస్సెక్కుతాను.