ఎర్ర మందు ఎక్కించాక మూత్రం ఎర్రగా వస్తోంది, రక్తమా?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు, మాది కావలి దగ్గర పల్లె. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక మొన్న నెల్లూరులో మొదటి కీమో ఎక్కించారు, అందులో ఒకటి ఎర్ర మందు. అదే సాయంత్రం మూత్రం ఎర్రగా వచ్చింది. నోరంతా ఇనుప ముక్క చప్పరించినట్టుంది, అన్నం ఉడికే వాసనకే కడుపులో తిప్పుతోంది. చేపల పులుసు తినొచ్చా? జుట్టు ఎలాగూ ఊడేదే కదా, వచ్చే వారం తిరుమలలో ఇచ్చేద్దామంటున్నారు మా ఆయన.

జవాబు: అది రక్తం కాదమ్మా. మీరు చెప్పే ఎర్ర మందు డాక్సోరుబిసిన్ అయి ఉండాలి, ఫైల్లో ఒకసారి చూసుకోండి. ఆ మందు రంగే మూత్రంలో దిగుతుంది, ఒకటి రెండు రోజుల్లో తేటపడుతుంది. తర్వాత కూడా ఎర్రగానే ఉన్నా, మంట ఉన్నా మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి.

వాంతుల మాత్రలు రాసిచ్చిన టైముకి వేసుకోండి. చాలామంది వాంతి వచ్చాక వేసుకుందాంలే అని అట్టిపెడతారు, అప్పటికి మాత్ర కూడా కడుపులో నిలవదు. వంట జరిగేటప్పుడు మీరు వసారాలో కూర్చోండి, అన్నం కాస్త చల్లారాక కొంచెం కొంచెంగా తినండి. పులుసు తినొచ్చు, మామిడికాయ పులుపు ఆ ఇనుము రుచిని కొంత కప్పేస్తుంది కూడా, నోట్లో పుండ్లు లేస్తే మాత్రం మానేయండి. అయితే మన నెల్లూరోళ్లకి పులుసంటే మర్నాడు తింటేనే రుచి, ఈ కొన్ని నెలలూ మీకు ఆ మర్నాటి పులుసు వద్దు, ఏ పూట వండింది ఆ పూటే.

మీరు అడగలేదు గానీ నాకు టెన్షన్ జ్వరం గురించే. కీమో ఎక్కించాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, అప్పటికి వాంతులు తగ్గి మనిషి లేచి తిరుగుతుంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఇవాళే థర్మామీటర్ కొనుక్కోండి. 100.4 చూపిస్తే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, ఊళ్లో సూది మందూ వద్దు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లి ముందు ‘నేను కీమోలో ఉన్నాను’ అని చెప్పండి. నెల్లూరు దూరమనిపిస్తే కావలిలోనే పెద్దాసుపత్రికి వెళ్లండి, ఫైలు మర్చిపోకుండా.

మీ ఆయన చెప్పిన వచ్చే వారం సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతుంది. క్యూలో అంతమంది మధ్య నిలబడటం, తల మీద కత్తి గాటు, రెండూ మీకు మంచివి కావు. జుట్టు రెండు మూడు వారాల్లో ఊడటం మొదలవుతుంది, ఈలోపు ఇంట్లోనే ట్రిమ్మర్‌తో పొట్టిగా తీయించుకోండి. కీమో అన్నీ అయ్యాక మళ్లీ మొలుస్తుంది, మొక్కు అప్పుడు తీర్చుకోవచ్చు.