మండె కట్టడం తెలియని టీచరమ్మకు

ప్రశ్న: మేడం, నేను హైదరాబాద్‌లో బీఎడ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పుట్టి పెరిగింది మెహదీపట్నంలో, పొలంలో కాలు పెట్టిందే లేదు. ఇంటర్న్‌షిప్‌కి శంషాబాద్ దాటాక ఒక హైస్కూలుకు వెళ్తున్నాను, ఎనిమిదో తరగతికి పంటల పాఠం చెప్పమన్నారు. చార్టులు, పీరియడ్ ప్లాన్ అన్నీ బాగా తయారుచేసుకున్నాను. వరి విత్తనాలను శుద్ధి చేసి నారుమడిలో చల్లుతారని చెప్తుంటే ఒక అబ్బాయి లేచి "మేడం, మండె కట్టకుండనే నారు పోస్తరా?" అన్నాడు. ఆ మాటే నాకు తెలియదు. క్లాసంతా నవ్వింది, వెనక బెంచీలో మా పర్యవేక్షకులు కూర్చుని రాసుకుంటున్నారు. అప్పట్నుంచి ఆ క్లాసంటేనే టెన్షన్. నిన్న ఒక అమ్మాయి "చదువుకోకుంటే ఎవుసమే గతి అంటడు మా నాయన, మళ్ల స్కూళ్ల గూడ ఇదెందుకు చెప్తున్నరు మేడం" అంది. నోట మాట రాలేదు. వీళ్ళకు నేనేం చెప్పగలను?
- ఒక ఛాత్రోపాధ్యాయిని, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి నిన్ను తక్కువ చేయలేదు. వాడు ఏటా ఇంట్లో చూసేది నీ పాఠంలో కనబడలేదు, అందుకే అడిగాడు. ఇంటర్ ఒకేషనల్‌లో పంటల పాఠాలు చాలా ఏళ్ళు చెప్పినదాన్ని, నాకు ఇలాంటి ప్రశ్న ఎదురుకాని ఏడాది లేదు. ఏ ప్రశ్నా రాని క్లాసుల గురించే నేను ఎక్కువ బాధపడ్డాను.

ముందు మండె సంగతి చూద్దాం. వడ్లను 24 గంటలు నీళ్ళలో నానబెడతారు, పైకి తేలిన తాలు తీసేస్తారు. నీళ్ళు వంపేసి తడి గోనెసంచిలో కట్టి మరో రోజు అలాగే ఉంచుతారు. దాన్నే మండె కట్టడం అంటారు. గింజ ముక్కు పగిలాక దమ్ము చేసిన, అంటే నీళ్ళు పెట్టి బురదగా దున్నిన, మడిలో చల్లుతారు. ఇదంతా ఆ పిల్లవాడికి నీకంటే బాగా తెలుసు కాబట్టి రేపు వాడినే బోర్డు దగ్గరకు పిలిచి చెప్పించు, నువ్వు పక్కన నిలబడి వాడి మాటల్లోనే బోర్డు మీద రాయి. అయిపోయాక ఒక్క ప్రశ్న అడుగు, "కట్టిన మండెలో చెయ్యి పెడితే ఎట్లుంటది?" వెచ్చగా ఉంటదని నలుగురైదుగురు చెప్తారు. ఎందుకు వెచ్చగా ఉంటుందో మాత్రం చాలామందికి తెలియదు, నీ పాఠం మొదలయ్యేది అక్కడే. గింజలోకి నీరు వెళ్ళగానే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడం మొదలుపెడతాయి, శ్వాసక్రియ పెరుగుతుంది, దాంతో వేడి పుడుతుంది. ఆ వేడి మరీ ఎక్కువైతే మొలక చచ్చిపోతుంది కాబట్టే వాళ్ళ నాయన మధ్యలో సంచి విప్పి నీళ్ళు చల్లి కలియబెడతాడు. మొలకెత్తిన పెసలు ఫ్లాస్కులో వేసి, థర్మామీటరు పెట్టి, మూతి దగ్గర దూది కుక్కితే ఆ వేడిని అంకెల్లో చూపించవచ్చు. పక్కనే ఇంకో ఫ్లాస్కులో ఉడికించి చల్లార్చిన పెసలు పెట్టడం మర్చిపోకు, అది లేకపోతే పోల్చి చూడటానికేం ఉండదు.

పర్యవేక్షకులు ఏం రాసుకున్నారోనన్న దిగులు వదిలెయ్. ఒక పీరియడ్ తడబడినంత మాత్రాన పదహారు వారాల ఇంటర్న్‌షిప్ ఎక్కడికీ పోదు.

ఆ అమ్మాయి ప్రశ్న మాత్రం బరువైనది. వాళ్ళ నాయన మాట తప్పని క్లాసులో ఎట్టి పరిస్థితుల్లోనూ అనకు. అప్పు, వాన, ధర మూడూ చూసినవాడు అనే మాట అది. పొలం గొప్పదని ఉపన్యాసాలు కూడా వద్దు. దానికి బదులు ఇంట్లో ఖాళీ యూరియా సంచి ఉంటే దులిపి తెమ్మను. సంచి మీద 46 శాతం నత్రజని అని ఉంటుంది, బస్తా 45 కిలోలు, అంటే లోపలున్న నత్రజని 20.7 కిలోలు. ఈ లెక్క పిల్లలతోనే కట్టించు. ఎకరానికి ఎన్ని బస్తాలు వేస్తున్నారో ఇంట్లో అడిగి రమ్మని, ఆ నేలకు ఎంత ఎరువు కావాలో చెప్పే భూసార పరీక్ష కార్డు ఉంటే అది కూడా తెమ్మని, రెండూ పక్కపక్కన పెట్టి చూడమను. ఎవరి నాయన ఎక్కువ వేశాడని వేలెత్తి చూపే పని పెట్టుకోకు. వాళ్ళే చూసుకుంటారు, ఇంటికెళ్ళి వాళ్ళే మాట్లాడతారు. చదువుకూ ఎవుసానికీ సంబంధం ఏమిటో ఆ లెక్క దగ్గర ఆ అమ్మాయికి తెలుస్తుంది.

ఇంకో సంగతి. నువ్వు రోజూ బస్సులో దాటే ఆరాంఘర్‌కు దగ్గర్లోనే రాజేంద్రనగర్ ఉంది. 1964లో మొదలైన వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇప్పుడు ఆచార్య జయశంకర్ పేరు మీద ఉన్నది, అక్కడే ఉంది, వరి పరిశోధన సంస్థ కూడా అక్కడే. హెడ్‌మాస్టర్‌తో ఉత్తరం రాయించుకుని అనుమతి అడిగి పిల్లల్ని ఒక్కసారి తీసుకెళ్ళు. పదో తరగతి తర్వాత రెండేళ్ళ వ్యవసాయ డిప్లొమా ఉందని, బైపీసీ చదివితే నాలుగేళ్ళ బీఎస్సీ వ్యవసాయం ఉందని ఊళ్ళో చాలామంది పిల్లలకు ఎవరూ చెప్పరు, ఇది చూస్తే నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఇక నీ సొంత చదువు కోసం ఆదివారం పొద్దున మెహదీపట్నం రైతు బజార్‌కు వెళ్ళు. కూరగాయలు కొని వచ్చేయకుండా బేరం తగ్గే వేళకు అక్కడే నిలబడి మాట్లాడు. ఏ ఊరు, ఎప్పుడు విత్తారు, నీళ్ళెక్కడివి అని అడిగితే చాలు, మిగతాది వాళ్ళే చెప్తారు. విన్న మాటలు నోటుబుక్కులో వాళ్ళ మాటల్లోనే రాసుకో, "మండె" లాంటివి ఇంకా చాలా దొరుకుతాయి.

ప్రశ్న: మాది నగరం మధ్యలో బస్తీ స్కూలు. జానెడు నేల లేదు. వ్యవసాయ పాఠాలకు ప్రయోగాలు ఎలా చేయించాలి?
- ఒక సైన్స్ టీచర్, సికింద్రాబాద్

జవాబు: సార్, ఒక తడి గుడ్డ, నూరు వడ్లగింజలు ఉంటే చాలు. గుడ్డ మీద వరసకు పది చొప్పున పది వరసలు పేర్పించండి, చుట్ట చుట్టి నీడలో పెట్టించండి, రోజూ తడి ఆరకుండా చూడమనండి. వారం తర్వాత మొలకలు లెక్కపెడితే ఆ అంకే మొలక శాతం. వరి విత్తనానికి కనీసం 80 ఉండాలన్నది ప్రమాణం. ఒక జట్టుకు విత్తనపు వడ్లు, ఇంకో జట్టుకు పోయినేడాది పాతవి ఇచ్చి చూడండి, తేడా వాళ్ళే చెప్తారు. ఎండ తగిలే కిటికీ ఉంటే కుండీలో బొబ్బర్లు కూడా వేయించండి. నలభై రోజులకు కుండీని నీళ్ళతో బాగా తడిపి, లాగకుండా మట్టితో సహా మొక్కను ఎత్తి వేళ్ళు కడిగితే బుడిపెలు కనబడొచ్చు. ఒకదాన్ని గోటితో చిదిమి చూడమనండి, లోపల గులాబీ రంగు ఉంటే అది గాలిలోని నత్రజనిని పట్టే పనిలో ఉన్నట్టు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి పదార్థమే ఆ రంగుకు కారణమని అప్పుడు చెప్పండి, ముందే చెప్పకండి.

గింజల ప్రయోగం మాత్రం శనివారం మొదలుపెట్టకండి, ఆదివారం గుడ్డ ఆరిపోతే చూసేవాళ్ళు ఉండరు.