కోడలి పుట్టింటి వంశవృక్షం కెనడా సరిహద్దు దగ్గర ఆగిపోయింది

ప్రశ్న: మా కోడలు అమెరికన్. వాళ్ళ నాన్నగారి పూర్వీకులు ఇలినాయ్ రాష్ట్రం, కంకకీ కౌంటీలోని సెయింట్ ఆన్ అనే ఊళ్ళో వ్యవసాయం చేసేవారట, ఇంట్లో ఫ్రెంచి మాట్లాడేవారట. ఇంటిపేరు కింగ్. 1900 సెన్సస్‌లో పుట్టింది ఫ్రెంచి కెనడా అని ఉంది కానీ, అక్కడి ఫ్రెంచి రాష్ట్రం క్యూబెక్ రికార్డుల్లో కింగ్ అని కొడితే ఎవరూ తగలడం లేదు. రిటైరయ్యాక నాకిదే పిచ్చి పట్టుకుంది. దారి చెప్పండి.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కింగ్ అని వెతికితే దొరక్కపోవచ్చండీ. అమెరికా వెళ్ళాక కింగ్ అయినవాళ్ళలో చాలామంది అసలు ఇంటిపేరు రువా, అంటే ఫ్రెంచిలో రాజే, స్పెల్లింగ్ ఆర్-ఓ-వై. అదీ తగలకపోతే ఇంకో తిరకాసు ఉంది. క్యూబెక్‌లో ఒకే కుటుంబానికి రెండు పేర్లుండేవి, ఉదాహరణకు 'రువా దీ దెజార్దాన్', అంటే దెజార్దాన్ అని పిలిచే రువాలు. అన్న పిల్లలు మొదటిది, తమ్ముడి పిల్లలు రెండోది పెట్టుకున్నా ఎవరూ అడిగేవారు కాదు.

అందుకే ఆ ముత్తాతను కాసేపు పక్కన పెట్టి ఆయన భార్యను పట్టుకోండి. మన దగ్గర పెళ్ళవగానే ఇంటిపేరు మారుతుంది కదా, క్యూబెక్ చర్చి రిజిస్టర్లలో అలా కాదు, ఆవిడ పోయినప్పుడు రాసిన పద్దులో కూడా పుట్టింటి పేరే ఉంటుంది. అమెరికా సెన్సస్ దాన్ని మింగేస్తుంది, పైగా 1890 సెన్సస్ 1921 అగ్నిప్రమాదం పుణ్యమా అని దాదాపు మిగల్లేదు. కాబట్టి పిల్లల బాప్తిస్మం పద్దుల్లో తల్లి పేరు చూసుకుని, ఆ జంట పెళ్ళి పద్దు వెతకండి. అది బంగారం. వరుడి తల్లిదండ్రులు, వధువు తల్లిదండ్రులు, తల్లులిద్దరి పుట్టింటి పేర్లు, వాళ్ళ పారిష్ (ఏ చర్చి పరిధి అన్నది), పోయినవాళ్ళుంటే ఆ సంగతి, సాక్షులు, చివర్లో 'సంతకం చేయడం రాదన్నారు' అని ఫాదర్ రాసుకున్న మాట, అన్నీ ఒక్క పేరాలో ఉంటాయి. ఒక్క పెళ్ళితో ఒక తరం పైకి ఎక్కేస్తారు. రిజిస్టరు రెండు ప్రతులు రాసి ఒకటి కోర్టుకు పంపేవారు కాబట్టి, చర్చి తగలబడినా రెండోది ఉండే అవకాశం ఎక్కువ. ఈ రిజిస్టర్లకు డ్రూయిన్ అనే సంస్థ తీసిన ఫిల్ములు ఆన్‌లైన్‌లో డబ్బులు కట్టి చూడొచ్చు, ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైట్‌లో అయితే ఈ రిజిస్టర్లు ఉచితం.

సెయింట్ ఆన్ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. చార్లెస్ షినికి అనే కేథలిక్ ఫాదర్ 1851లో అక్కడికి వచ్చి, కెనడా నుంచి జనాన్ని రప్పించి ఊరు నిలబెట్టారు, తర్వాత షికాగో బిషప్‌తో చెడి, 1860లో చాలామంది అనుచరులతో సహా ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన ప్రెస్బిటేరియన్లలో కలిసిపోయారు. మీవాళ్ళు కేథలిక్ రిజిస్టర్లలో హఠాత్తుగా మాయమైతే చనిపోయారనుకోకండి, ప్రెస్బిటేరియన్ చర్చి పుస్తకాలు కూడా అడగండి. అక్కడ కూడా లేకపోతే కాన్సస్ రాష్ట్రం చూడండి, కంకకీ నుంచి కొన్ని కుటుంబాలు అక్కడి క్లౌడ్ కౌంటీకి తరలివెళ్ళాయి.

చేతిరాత ఫ్రెంచి అని టెన్షన్ పడకండి. ఫాదర్లందరిదీ ఇంచుమించు ఒకే మూస, నాలుగు పద్దులు చదివితే ఐదోది మీకే అర్థమవుతుంది. తేదీలు మాత్రం అక్షరాల్లో రాస్తారు, ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా ఫ్రెంచి అంకెలు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి.