కోడింగ్ రాకుండా వర్చువల్ లోకంలో సంపాదన: చేతికొచ్చేదెంత?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. కంప్యూటర్ కోర్సులేవీ చేయలేదు. ‘సెకండ్ లైఫ్’ అనే వర్చువల్ లోకంలో, ఒక క్లబ్బులో వచ్చినవాళ్లని పలకరించే పని ఉందని, డాలర్లలో సంపాదించొచ్చని అంటున్నాడు. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకతను రూ.18,000 కడితే ఆ ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడట. కట్టమంటారా, లేక వాడినే మానెయ్యమనాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ రూ.18,000 మాత్రం కట్టకండి. సెకండ్ లైఫ్‌లో ఖాతా తెరవడానికి పైసా అక్కర్లేదు. అక్కడ ఎవరికైనా పని కావాలంటే క్లబ్బు యజమానినో దుకాణం యజమానినో నేరుగా అడుగుతారు. జీతం ఇవ్వాల్సినవాళ్లు ఇస్తారు గానీ, పనికి వచ్చేవాడి దగ్గర ముందే వసూలు చేయరు. అయితే మీ అబ్బాయి చెబుతున్నది అబద్ధం కాదు. అలాంటి పనులు నిజంగానే ఉన్నాయి. అందుకే కసరకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి లెక్క వేయండి.

సెకండ్ లైఫ్‌ని శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ 2003లో మొదలుపెట్టింది. గెలుపు ఓటములున్న ఆట కాదది. మనుషులు తమ బొమ్మరూపాలతో తిరుగుతూ స్థలాలు కొంటారు, బట్టల కొట్లు పెడతారు, పాటకచేరీలు చేస్తారు. చెల్లే నాణెం లిండెన్ డాలరు. దాన్ని అసలు డాలర్లలోకి మార్చుకునే ఏర్పాటు కంపెనీయే చేసింది. బట్టలు, ఇళ్లు తయారుచేసి అమ్మేవాళ్లకి త్రీడీ డిజైన్ రావాలి. అది రానివాళ్లు అతిథుల్ని పలకరించే హోస్టులుగా, పాటలు వేసే డీజేలుగా, మైకులో పాడే గాయకులుగా, కొట్లో సహాయకులుగా, అద్దె స్థలాలు చూసుకునే మేనేజర్లుగా పనిచేస్తారు.

హోస్టు పని తేలికనుకోకండి. పెళ్లింట్లో గుమ్మం దగ్గర నిలబడి ప్రతివాళ్లనీ పేరుపెట్టి పిలిచి లోపలికి తీసుకెళ్లే మేనమామ ఉంటాడు చూడండి, అచ్చం ఆ పనే. కాకపోతే అంతా ఇంగ్లీషులో, చకచకా టైప్ చేస్తూ, రెండు గంటలు ఆగకుండా చేయాలి. గొడవపడేవాళ్లని సర్దాలి, మౌనంగా ఉన్నవాళ్లని మాటల్లోకి దించాలి. కోడింగ్ అక్కర్లేదన్నది నిజమే గానీ, నేర్పు మాత్రం కావాలి.

ఇప్పుడు లెక్క. ఒక అమెరికా డాలరుకు సుమారు 250 లిండెన్లు వస్తాయనుకోండి. రెండు గంటల కార్యక్రమానికి జీతం, టిప్పులు కలిపి 500 లిండెన్లు వచ్చాయనుకుంటే రెండు డాలర్లు. మన డబ్బులో రెండు వందల రూపాయల లోపే. అందులోంచి మార్పిడి రుసుము, బయటికి తీసుకునే రుసుము, ఆన్‌లైన్‌లో డబ్బు చేరవేసే పేపాల్ అనే కంపెనీ కోత పోతాయి. పేపాల్‌కి పాన్ కార్డు ఇవ్వాలి, వచ్చినది ఆదాయంగా చూపించాలి. ‘డాలర్లలో ఆదాయం’ అన్న మాట వెనక ఉన్నది ఇంతే.

చాలామంది ఆలోచించని సంగతి ఇంకొకటుంది. ఆ లోకం గడియారం కాలిఫోర్నియాది. అమెరికా సాయంత్రాల్లోనే క్లబ్బులు కిటకిటలాడతాయి. వేసవిలో అక్కడ రాత్రి 7 గంటలైతే మనకు మర్నాడు ఉదయం 7:30. అంటే సరిగ్గా మీవాడు కాలేజీకి బయల్దేరాల్సిన వేళ. యూరప్ సాయంత్రాలు పట్టుకుందామంటే మనకి అర్ధరాత్రి అవుతుంది. నిద్ర మానుకుని చేసే పనికి గంటకు వంద రూపాయలు గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

మరి అక్కడ లక్షలు గడించినవాళ్లు లేరా? ఉన్నారు. జర్మనీలో ఉండే చైనా మహిళ ఐలిన్ గ్రేఫ్, ‘ఆన్షీ చుంగ్’ అనే పేరుతో అక్కడ స్థలాలు కొని, ముక్కలు చేసి అమ్మింది, అద్దెకిచ్చింది. 2006లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రమైంది. అదే ఏడాది నవంబరులో తన ఆస్తి పది లక్షల డాలర్లు దాటిందని ప్రకటించింది. మన ఊళ్లలో వెంచర్ వేసి ప్లాట్లు అమ్మడం లాంటిదే ఆమె వ్యాపారం. ఆ పది లక్షల్లో ఎక్కువ భాగం ఆ లోకంలోని స్థలాల విలువే గానీ, బ్యాంకులో ఉన్న నగదు కాదని మీ అబ్బాయికి చెప్పండి. బీకాం పిల్లాడు కదా, ఆస్తికీ నగదుకీ తేడా వెంటనే పట్టుకుంటాడు.

ఆ మరుసటి ఏడాదే, 2007లో, సెకండ్ లైఫ్‌లోని గింకో అనే ‘బ్యాంకు’ కుప్పకూలింది. విపరీతమైన వడ్డీ ఆశ చూపి లిండెన్లు పోగేసింది, చివరికి తిరిగి ఇవ్వలేకపోయింది. చిట్టీల వాడు రాత్రికి రాత్రి ఊరొదిలిపోతే మన వీధుల్లో ఏమవుతుందో అక్కడా అదే అయింది. 2008 జనవరి నుంచి అనుమతి లేని బ్యాంకుల్ని లిండెన్ ల్యాబ్ నిషేధించింది.

ఆ పరిచయస్తుడు రేపు మాట మార్చి ‘ఆడుతూ సంపాదించే’ క్రిప్టో ఆట చూపించవచ్చు. అంటే గెలిస్తే క్రిప్టో నాణేలిచ్చే ఆట. 2021లో ఫిలిప్పీన్స్‌లో వేలమంది యాక్సీ ఇన్ఫినిటీ అనే అలాంటి ఆట ఆడి ఇల్లు నడిపారు. ఆటలో ఇచ్చే ఆ నాణెం (టోకెన్) ధర ఏడాదిలోపే నేలకు దిగింది, 2022 మార్చిలో దాని నెట్‌వర్క్ నుంచి అరవై కోట్ల డాలర్లకు పైగా దొంగలపాలైంది. పందెం కట్టించే ఆటలైతే మన దేశంలో 2025 చట్టంతో నిషేధం.

నేనైతే ఇలా చేయనిస్తాను. ఉచిత ఖాతాతో, మూడు నెలలు, ఆదివారం ఉదయాలు మాత్రమే. అప్పుడు అక్కడ శనివారం రాత్రి, రద్దీ బాగా ఉంటుంది. పెద్దలకు మాత్రమే అని గుర్తుపెట్టిన ప్రాంతాలు అక్కడ చాలా ఉన్నాయి. కొన్ని క్లబ్బు పనులు అటే దారితీస్తాయి. ఆ విషయం సిగ్గుపడకుండా అతనితో మాట్లాడండి. అటు వెళ్లనని మాట తీసుకోండి. ఒక పుస్తకంలో మూడు అంకెలు రాయమనండి: కూర్చున్న గంటలు, వచ్చిన లిండెన్లు, బ్యాంకులో పడిన రూపాయలు. డబ్బు తక్కువే రావచ్చు. కానీ వేగంగా ఇంగ్లీషు రాయడం, కోపంగా ఉన్న మనిషిని శాంతింపజేయడం వస్తే కస్టమర్ సపోర్టులో, ఆన్‌లైన్ కమ్యూనిటీలు నడిపే ఉద్యోగాల్లో అవి పనికొస్తాయి.

మూడు నెలల తర్వాత ఆ పుస్తకంలోని అంకెలు నాకు రాసి పంపించండమ్మా. డిగ్రీ తర్వాత ఏం చేయాలో అప్పుడు మీవాడితోనే మాట్లాడతాను.