అమ్మలూ, ఆ 32 డిగ్రీలు ఎక్కడివి?

చిరంజీవి సౌమ్యకు, పెదనాన్న ఆశీస్సులు.

రియాక్టర్ వేడిని కరెంటుగా మార్చే సైకిల్ అని నువ్వు పంపిన బొమ్మను ప్రింట్ తీయించి రెండు రోజులుగా దగ్గర పెట్టుకుని చూస్తున్నాను. సోడియంతో చల్లబడే చిన్న రియాక్టర్, 200 మెగావాట్ల వేడి, దానికి సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ సైకిల్, ఆ వేడిలో 44 శాతం కరెంటు అవుతుందని అడుగున ఎర్ర అక్షరాల్లో. మన ఇంటి పిల్ల ఇలాంటి పని చేస్తోందంటే నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ కంప్రెసర్‌లోకి వెళ్లే గ్యాస్ దగ్గర 32 డిగ్రీలని రాశావు. దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాను.

ఆ అంకె ఎందుకు వేశావో తెలుసు. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు, 74 బార్ల ప్రెషర్ దాటితే గ్యాసూ కాదు, ద్రవమూ కాదు, సూపర్‌క్రిటికల్ అంటే అదే. ఆ దరిదాపుల్లో బాగా చిక్కగా ఉంటుంది కాబట్టి తక్కువ పనితోనే దాన్ని ఒత్తేయొచ్చు. ఈ సైకిల్‌లో సగం లాభం అక్కడే ఉంది. అయితే 80 బార్ల దగ్గర అదే గ్యాస్ 32 నుంచి 50 డిగ్రీలకు వేడెక్కిందనుకో, సాంద్రత ఇంచుమించు మూడో వంతుకు పడిపోతుంది. నువ్వు గీసిన చిన్న కంప్రెసర్‌లో అంత వాల్యూమ్ పట్టదు.

మే నెలలో రామగుండంలో ఎండ 45 దాటుతుంది. నీళ్లు పుష్కలంగా ఉండి, తడి బల్బు (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్) 28 చూపించే రోజైనా కూలింగ్ టవర్ నుంచి 32, 33 డిగ్రీల కంటే చల్లటి నీళ్లు రావు. కూలర్‌లో ఇంకో నాలుగైదు డిగ్రీల తేడా తప్పదు కాబట్టి గ్యాస్ 37 దగ్గర ఆగుతుంది. నీళ్లు లేని చోట ఫ్యాన్లతో చల్లబరిస్తే 55 దాటుతుంది. మరి నీ 32 ఎక్కడిది? ముందు సైట్ తేల్చుకో. ఏడాది పొడవునా గంట గంటకూ అక్కడి ఉష్ణోగ్రతలు తెప్పించుకో. డిజైన్‌ను అక్కడి నుంచే మొదలుపెట్టు. వేడి రోజుల్లో కంప్రెసర్ ఇన్‌లెట్ ప్రెషర్‌ను 90, 100 బార్లకు పెంచి చూడు, పోయిన సాంద్రత కొంత తిరిగొస్తుంది. దానికి తగ్గ గ్యాస్ నిల్వ, పైపుల మందం మొదటి రోజే లెక్కలో ఉండాలి.

నేను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బొగ్గు ప్లాంట్‌లో, ఒక మే నెల మధ్యాహ్నం టర్బైన్ నుంచి వచ్చే ఆవిరిని మళ్లీ నీళ్లు చేసే కండెన్సర్‌లో వాక్యూమ్ పడిపోవడం మొదలైంది. బాయిలర్ బాగుంది, టర్బైన్ బాగుంది, లోడ్ మాత్రం తగ్గించక తప్పలేదు. రెండు రోజులు వెతికాం. చివరికి మా ఫోర్‌మన్ కొవ్వొత్తి వెలిగించి పైపులు కలిసే ఒక్కో ఫ్లాంజ్ దగ్గరా పట్టుకుంటూ వెళ్లాడు. ఒక వాల్వ్ గ్లాండ్ (వాల్వ్ కడ్డీ చుట్టూ ఉండే సీల్) దగ్గర మంట నెమ్మదిగా లోపలికి వంగింది. గాలి లోపలికి పోతున్నది అక్కడే. అప్పటి నుంచి ఏ సైకిల్ బొమ్మ చూసినా నా చూపు ముందు చల్లటి వైపుకే పోతుంది.

ఇక మీ టీమ్‌లో నీళ్లతో చల్లబడే రియాక్టర్‌కు కూడా ఇదే సైకిల్ పెడదామంటున్నారని రాశావు. వద్దని చెప్పు. మన 220 మెగావాట్ల భారజల రియాక్టర్లనే తీసుకో. దాదాపు 755 మెగావాట్ల వేడి, 250 డిగ్రీల ఆవిరి, 29 శాతం ఎఫిషియెన్సీ. తక్కువనిపిస్తుంది. కానీ 250కీ 40కీ మధ్య కార్నో హద్దే, అంటే ఏ ఇంజనూ దాటలేని గరిష్ఠ ఎఫిషియెన్సీయే, 40 శాతం. అక్కడ ఆవిరిని మించింది లేదు. తేమను వేరు చేయడం, ఫీడ్ వాటర్‌ను వేడి చేయడం శ్రద్ధగా చూసుకుంటే చాలు. ఆవిరిలో ఒక్క శాతం తేమ పెరిగితే టర్బైన్‌లో ఆ స్టేజి ఎఫిషియెన్సీ సుమారు ఒక్క శాతం పోతుంది, పైగా చివరి వరస బ్లేడ్లు అరిగిపోతాయి.

వేడి ఎక్కువుంది కదా అని కూడా తొందరపడకు. చైనాలో షిదావో బే రియాక్టర్‌లో హీలియం 750 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అయినా వాళ్లు ఆవిరి టర్బైనే పెట్టి, 500 మెగావాట్ల వేడి నుంచి 210 మెగావాట్ల కరెంటు తీసేలా డిజైన్ చేశారు. అంతకు ముందు జర్మనీలో ఓబర్‌హౌజెన్‌లో 50 మెగావాట్లకు కట్టిన హీలియం టర్బైన్ 30 దగ్గరే ఆగింది. బ్లేడ్లలో నష్టాలు, సీళ్లలో లీకులు అనుకున్నదాని కంటే చాలా ఎక్కువయ్యాయి. మెషిన్ చిన్నదయ్యేకొద్దీ ఆ సందుల్లో పోయే వాటా పెరుగుతుంది. 10 మెగావాట్ల కార్బన్ డయాక్సైడ్ టర్బైన్ ఆఫీసు బల్లంతే ఉంటుంది, గుర్తుపెట్టుకో.

టర్బైన్ నుంచి వచ్చే వేడి గ్యాస్‌తో కంప్రెసర్ నుంచి వచ్చే గ్యాస్‌ను వేడి చేసే నీ రికుపరేటర్ గురించి ఒక్క మాట. రియాక్టర్ ఇచ్చే వేడి కంటే ఎక్కువ వేడి దానిలో చేతులు మారుతుంది. మిల్లీమీటరు కాలువలు చెక్కిన రేకులను ఒకే దిమ్మగా అతికిస్తారు కదా, తుప్పు పొడి చేరితే విప్పి కడిగే వీలుండదు. ముందు ఫిల్టర్ పెట్టు, దానివల్ల తగ్గే ప్రెషర్‌ను లెక్కలో చూపించు.

అణు విద్యుత్తులో ఇంధనం ఖర్చు తక్కువ, కట్టడానికయ్యే ఖర్చే ఎక్కువ. నీ ప్లాంట్‌లో ఒక్క శాతం అంటే 2 మెగావాట్లు. ఆ 2 మెగావాట్ల కోసం ఏడాదికి పది రోజులు ఆగిపోయే మెషిన్ పెడితే నష్టమే.

ఈసారి పంపే షీట్‌లో 32తో పాటు 37కీ, 55కీ కూడా లెక్క వెయ్యి. లోడ్ 100, 75, 50 శాతాల దగ్గర చూపించు. ఫ్యాన్లు, పంపులు తినేది తీసేశాక గ్రిడ్‌కు వెళ్లే మెగావాట్లకు వేరే గడి పెట్టు. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, ఆ షీట్ ఎదురుగా పెట్టుకుని మాట్లాడదాం.

పెదనాన్న