వంతెన వచ్చాక దూరం ఎవరికి తగ్గింది? కోనసీమ నుంచి ఒక జవాబు

మీరు పోటీ పరీక్ష కోసం రవాణా భూగోళం చదువుతున్నానని, పుస్తకంలో నిర్వచనాలే తప్ప నిజమైన ఉదాహరణ దొరకడం లేదని రాశారు. మన ప్రాంతాన్ని తీసుకుని ఇప్పటి సమస్యలు, మార్పులు చెప్పమన్నారు. రైలు వస్తే లారీల పని అయిపోతుందా అని కూడా అడిగారు. నేను కోనసీమలోని అంబాజీపేటలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేశాను. కొబ్బరికాయల లోడ్లకి బండ్లు కుదర్చడం, కిరాయి తేల్చడం, దారిలో ఆగిపోయిన డ్రైవర్లతో ఫోన్లో మాట్లాడటం నా పని. అందుకే కోనసీమ గురించే చెప్తాను.

ముందు మ్యాపు తెరిచి పెట్టుకోండి. రాజమండ్రి దగ్గర గోదావరి ఒకటే ఏరు. ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలే కోనసీమ. మద్రాసు, కలకత్తాల మధ్య రైలు మార్గం వేసేటప్పుడు గోదావరిని ఎక్కడో ఒకచోట దాటాలి. పైన అయితే ఒక్కసారి దాటితే చాలు. కింద అయితే మూడు పాయలు దాటాలి, పైగా అంతా మెత్తటి ఒండ్రు నేల. రాజమండ్రి దగ్గరే దాటారు, 1900లో హేవలాక్ వంతెన మీద రైళ్ళు మొదలయ్యాయి. ఆ ఒక్క నిర్ణయంతో రాజమండ్రి రైలు ఊరైంది, అమలాపురం ఈనాటికీ రైలు లేని ఊరుగా ఉంది. జాతీయ రహదారిదీ అదే వరస. ఇప్పుడు 16వ నంబరుగా ఉన్న చెన్నై–కోల్‌కతా రోడ్డు కోనసీమ పై మూలని మాత్రమే తాకుతుంది. జొన్నాడ వైపు గౌతమిని, సిద్ధాంతం దగ్గర వశిష్ఠని దాటి వెళ్ళిపోతుంది. ఆ రెండు వంతెనల మధ్య పడ్డ ఊరు రావులపాలెం. అక్కడి అరటి మార్కెట్టు అంత పెద్దది కావడానికి నేల ఎంత కారణమో, ఆ రోడ్డూ అంతే కారణం. మీ పుస్తకంలో కూడలి అని చదివే మాటకి నేను చూపించే ఊరు రావులపాలెం.

అయితే కోనసీమ ఎప్పుడూ ఇలా మూలన పడి ఉండలేదు. ఈ సంగతి పరీక్ష రాసేవాళ్ళు తరచూ వదిలేస్తారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర కాలంలో తవ్విన కాలువలు పంటకే కాదు, పడవలకి కూడా. నీటిమట్టం మారే చోట పడవల్ని ఎక్కించి దింపే తలుపుల కట్టడాలు, అంటే లాకులు, కట్టింది అందుకే. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువనే దాటించి అవతలి లంక (ఏటి పాయల మధ్య దీవి) నేలకి నీళ్ళిచ్చిన అక్విడక్టు కూడా ఆ శతాబ్దం నాటిదే. మా పెద్దవాళ్ళ చిన్నతనంలో ధాన్యం, కొబ్బరి, కలప కాలువల మీదే వెళ్ళేవి. ధవళేశ్వరం మీదుగా కాకినాడ కాలువలోకి పడవలు దాటేవి. రోడ్లు పడి, లారీలు పెరిగాక పడవలు ఆగిపోయాయి. ఇప్పుడు చాలా కాలువల్లో గుర్రపుడెక్క, గట్ల మీద ఆక్రమణలు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువల్నీ, గోదావరి, కృష్ణల్లో కొంత భాగాన్నీ కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ అందులో ఉన్నాయి. నేను ఆ కాలువల వెంబడి ఎన్నోసార్లు వెళ్ళాను, సరుకు పడవ ఒక్కటీ కనిపించలేదు. కాలువ ఉండగానే సరిపోదు. లాకులు పనిచేయాలి, సరుకు ఎక్కించే రేవు ఉండాలి, ఏడాది పొడవునా లోతు ఉండాలి. ఎండాకాలం మరమ్మతుల కోసం కాలువలు కట్టేసే చోట, వారం వారం సరుకు పంపాల్సిన వ్యాపారి పడవని నమ్ముకోలేడు.

ఇప్పుడు వంతెనల దగ్గరికి వద్దాం. యానాం–ఎదుర్లంక మధ్య గౌతమి మీద వంతెన ఈ శతాబ్దం మొదట్లో వచ్చింది. లోక్‌సభ స్పీకరుగా ఉంటూ 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టారు. ఈ ప్రాంతంలో ఆయన్ని ఇప్పటికీ తలచుకునేది ఆ వంతెన వల్ల, కోటిపల్లి రైలు వల్ల. చించినాడ దగ్గర వశిష్ఠ మీద, బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద కూడా వంతెనలు వచ్చాయి. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంట వెళ్ళే 216వ నంబరు జాతీయ రహదారి వీటి మీదుగానే కోనసీమని అడ్డంగా దాటుతుంది. దాంతో అంబాజీపేట నుంచి కాకినాడ పోర్టు వైపు వెళ్ళే లారీ రావులపాలెం చుట్టు తిరగాల్సిన పని పోయింది. భీమవరం, పాలకొల్లు వైపు వ్యాపారం పెరిగింది. ఇది నా కళ్ళ ముందు జరిగిన మార్పు, చాలా పెద్ద మార్పు.

కానీ నేను అసలు చెప్పదలచుకున్నది ఇదీ: వంతెన అందరికీ ఒకేలా దూరం తగ్గించదు. ఆ లెక్క జిల్లా మొత్తానికి కాదు, ఊరు ఊరికీ వేయాలి.

సఖినేటిపల్లి రేవు చూడండి. అవతల ఒడ్డున నరసాపురం కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ ఆసుపత్రులు, కాలేజీలు, రైల్వే స్టేషను ఉన్నాయి. పంటు, అంటే జనాన్నీ బండ్లనీ దాటించే బల్లకట్టు, మీద దాటితే కొద్ది నిమిషాల పని. వరదొచ్చి పంటు ఆపేస్తే చించినాడ దాకా పైకి వెళ్ళి, దాటి, మళ్ళీ కిందికి రావాలి. అంతర్వేది వైపు ఊళ్ళవాళ్ళు ఇక్కడ వంతెన కావాలని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. ముక్తేశ్వరం, కోటిపల్లి రేవుల మధ్య కూడా ఇదే కథ.

లంకల్లో ఉన్నవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. కనకాయలంక కాజ్‌వే, ఎదురుబిడియం కాజ్‌వే లాంటి ఎత్తు తక్కువ దారులు వరదొస్తే మునిగిపోతాయి. జూలై, ఆగస్టుల్లో గోదావరి పెరిగిందంటే పిల్లలు పడవలో బడికి వెళ్ళాలి, నెలలు నిండిన ఆడవాళ్ళని ముందే ఒడ్డు దాటించి బంధువుల ఇంట్లో ఉంచాలి. మా చెల్లెలి అత్తవారిది అలాంటి లంక ఊరే. వరద హెచ్చరిక వచ్చిన రోజు ఆ ఇంట్లో ఉండే టెన్షన్ నాకు తెలుసు. ఎండాకాలంలో అదే ఊరు మెయిన్ రోడ్డుకి చాలా దగ్గర. అందుబాటు అనే దానికి ఒక్క అంకె సరిపోదని, నెలని బట్టి, నీటిమట్టాన్ని బట్టి అది మారుతుందని మీ జవాబులో రాయండి. ఇదే రాస్తే పుస్తకం బట్టీ పట్టినవాళ్ళ నుంచి మీరు వేరుగా కనిపిస్తారు.

దూరం తగ్గడానికి ప్రతిసారీ రోడ్డే వేయనక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. అంతకుముందు కలెక్టర్ ఆఫీసు పని అంటే కాకినాడ వెళ్ళాలి, ఒక రోజు కూలి పోయేది. ఇప్పుడు చాలామంది ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వస్తున్నారు. దీనికోసం ఎవరూ కొత్త రోడ్డు వేయలేదు. చేసిందల్లా ఆఫీసుని దగ్గరికి తేవడమే. సరిహద్దులు కూడా బండి దారిని మారుస్తాయి. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, పన్ను తేడా వల్ల డీజిల్ ధర తక్కువ. అందుకే మా డ్రైవర్లు కుదిరితే అటు మీదుగా వెళ్ళి ట్యాంకు నింపుకునేవాళ్ళు. ఇలాంటివి ఏ రోడ్డు మ్యాపులోనూ కనిపించవు.

మనుషుల ప్రయాణంలో వచ్చిన మార్పు ఇంకో రకం. రాజోలు, అమలాపురం నుంచి రోజూ రాత్రి హైదరాబాదుకి ప్రైవేటు బస్సులు బయలుదేరతాయి. పొద్దున్నే కూకట్‌పల్లిలో దిగొచ్చు. గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళు ఎందరో ఇదే దారిలో శంషాబాద్ చేరుకుంటారు. సంక్రాంతికి ఈ బస్సుల టికెట్టు ధర ఎంత పెరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. అదే సమయంలో పక్క మండలంలోని లంకకి సాయంత్రం ఆరు దాటితే బస్సు లేదు, ఆటో నిండితేనే కదులుతుంది. దూరపు నగరం దగ్గరైంది, దగ్గరి ఊరు దూరమైంది. దేశమంతటా కనిపించే ధోరణి ఇదేనని నా అభిప్రాయం. లాభం వచ్చే పొడవైన రూట్లలో పోటీ పడతారు, జనం తక్కువున్న చిన్న రూట్లు ఆటోలకీ, సొంత మోటారు సైకిళ్ళకీ వదిలేస్తారు. మోటారు సైకిలు లేనివాళ్ళు, నడపలేనివాళ్ళు, అంటే ముసలివాళ్ళు, చాలామంది ఆడవాళ్ళు, అక్కడే మిగిలిపోతారు.

ఈ కోణం నుంచే ఉచిత బస్సు పథకాన్ని చూడండి. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచే ఉంది. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అమలాపురం బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలకి నెల జీతంలో కనిపించేంత మిగులు అది. కానీ పల్లెవెలుగు బస్సు తిరగని ఊళ్ళో ఉచితం అన్న మాటకి విలువ లేదు. టికెట్టు ధర ఒక అడ్డంకి, బస్సే లేకపోవడం ఇంకో అడ్డంకి. మొదటిది తీసేశారు, రెండోది అలాగే ఉంది.

సరుకు విషయంలో ఎక్కువమంది చూడనిది తిరుగు ప్రయాణం. ఇక్కడి నుంచి మహారాష్ట్ర, గుజరాత్, రాజస్థాన్ వైపు కొబ్బరికాయ వెళ్తుంది. పండగల ముందు బండ్లకి గిరాకీ ఒక్కసారిగా పెరుగుతుంది. కిరాయి ఎంతో తేల్చేది కిలోమీటర్లు మాత్రమే కాదు. అటు నుంచి రిటర్న్ లోడు దొరుకుతుందా లేదా అన్నది ముఖ్యం. మహారాష్ట్ర వెళ్ళిన బండికి ఉల్లి దొరికితే తాడేపల్లిగూడెం మార్కెట్టు దాకా నిండుగా వస్తుంది, మాకు తక్కువకే ఒప్పుకుంటారు. ఖాళీగా రావాల్సిన చోటికి అయితే రెండువైపుల డీజిలూ, టోలూ మేమే మోయాలి. చివరికి ఆ భారం రైతుకిచ్చే కాయ ధరలోంచే తీస్తారు. ఇప్పుడు ఫోన్ యాప్‌లలో లోడ్లు వెతుక్కునే పద్ధతి వచ్చింది, కొంత మేలే. కానీ తోటలో కాయల దింపు ఎప్పుడు, పీచు ఒలుపు ఎప్పుడు పూర్తవుతుంది, వాన పడితే కాలువగట్టు రోడ్డు మీదికి పెద్ద లారీ వెళ్తుందా లేదా అన్నవి యాప్‌కి తెలియవు. చాలా చోట్ల చిన్న వ్యానులో తోట నుంచి బయటికి తెచ్చి, మెయిన్ రోడ్డు మీద లారీకి మార్చాలి. పొడవైన దారిలో ఆదా చేసింది ఈ చివరి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తుడు దింపుడు కూలికే పోయిన రోజులున్నాయి.

ఇంకో రవాణా కోనసీమలో భూమి కింద నడుస్తోంది, గ్యాస్ పైపులైన్లు. ఇక్కడి గ్యాస్ ఎక్కడెక్కడి పరిశ్రమలకో నిశ్శబ్దంగా వెళ్ళిపోతుంది. 2014 జూన్ 27న మామిడికుదురు మండలంలోని నగరం అనే ఊళ్ళో పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. రోడ్డు, రైలు పక్కన ఉన్న ఊరికి కనీసం ప్రయాణమైనా దక్కుతుంది. పైపు పక్కనున్న ఊరికి ప్రమాదం మాత్రమే దక్కింది. రవాణా వల్ల లాభం ఎవరికి, ముప్పు ఎవరికి అన్న ప్రశ్నకి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నా దగ్గర లేదు.

ఇక రైలు గురించి. కాకినాడ–కోటిపల్లి మార్గం పాతదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకేశారు, మళ్ళీ 2004లో రైలు తిరిగింది. కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం దాకా సుమారు 57 కిలోమీటర్ల కొత్త లైను 2000–01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది, ఇంకా పూర్తి కాలేదు. ఇంత ఆలస్యానికి ముఖ్య కారణం మళ్ళీ ఆ మూడు పాయలే. మార్గం చిన్నది, వంతెనలు పెద్దవి. దానికి తోడు భూసేకరణ, కేంద్ర రాష్ట్రాల వాటాల దగ్గర పేచీలు. తీరం వెంట ఇంకో రైలు దారి ఉంటే రాజమండ్రి వంతెనల మీద బరువు కూడా తగ్గుతుంది.

అది పూర్తయితే లారీలు పోతాయా? పోవు. గూడ్స్ రేకు అంటే నలభైకి పైగా వ్యాగన్లు. అంబాజీపేట వ్యాపారి ఒక్కో ఊరికి పంపేది లారీ లోడు. అన్ని కాయలు ఒకేచోటికి ఒకేసారి ఎవరూ పంపరు. లారీ అయితే కొట్టు ముందే దింపుతుంది, రైలు అయితే అటూ ఇటూ రెండుసార్లు ఎక్కించి దింపాలి. ప్యాసింజర్ రైలు వల్ల కాలేజీ పిల్లలకీ, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకీ మొదటి రోజు నుంచే మేలు. సరుకుకి మేలు కావాలంటే మాత్రం పార్సిల్ వ్యాన్లు, చిన్న చిన్న లోడ్లు ఒకచోట కలిపే గోదాము, గూడ్స్ షెడ్డు దాకా లారీ తిరగగలిగే వెడల్పు రోడ్డు ముందే అనుకోవాలి. ఊరంతా కట్టుకున్నాక వీటికి స్థలం దొరకదు. అందుకే అమలాపురం స్టేషను గురించి ఎవరు మాట్లాడినా, ప్లాట్‌ఫారాలు ఎన్ని అని అడిగే ముందు గూడ్స్ షెడ్డుకి స్థలం ఎక్కడ ఉంచారని నేను అడుగుతున్నాను.