అజొల్లాకు గింజ ఉండదు, తల్లి మొక్కనే కాపాడుకోవాలి

ప్రశ్న: దాళ్వా (రబీ) వరిలో అజొల్లా వేస్తే బాగా అల్లుకుంది. కాలువలకు నీళ్లు ఆపేశాక మొత్తం ఎండిపోయింది. సార్వాకు (ఖరీఫ్‌కు) మళ్లీ వేద్దామంటే ‘అజొల్లా విత్తనం’ అని ఎండు పొడి ప్యాకెట్లు అమ్ముతున్నారు. కొనవచ్చా?
– ఒక రైతు, అమలాపురం మండలం

జవాబు: ఆ పొడి కొనకండి. అజొల్లా పూయదు, కాయదు. అది నీటి మీద తేలే ఫెర్న్ మొక్క. ఒకదాన్ని అరచేతిలో వేసుకుని చూడండి. వేలిగోరంత ఉంటుంది, కింద దారాల్లాంటి వేర్లు వేలాడుతుంటాయి. ఎదిగిన కొమ్మ తల్లి నుంచి ఊడిపోతే అదే ఇంకో మొక్క. అన్నీ కుదిరితే 3 నుంచి 5 రోజుల్లో రెట్టింపవుతుంది. మీ మడి నిండింది అలాగే.

గింజ లేకపోయినా సిద్ధబీజాలు (స్పోర్లు), అంటే కొత్త మొక్కకు మూలమయ్యే సూక్ష్మ బీజాలు ఉంటాయి. బాగా దట్టంగా అల్లుకున్న అజొల్లాను తిరగేస్తే కొమ్మల అడుగున జంటగా చిన్న సంచులు ఒక్కోసారి కనిపిస్తాయి. పెద్ద సంచిలో మగ బీజాలు చాలా ఉంటాయి, చిన్నదానిలో ఆడ బీజం ఒక్కటే. మగ కణం నీటిలో ఈదుకుంటూ వెళ్లి ఆడ కణాన్ని చేరితేనే పిల్ల మొక్క పుడుతుంది. నీరు లేకపోతే ఆ కలయికే లేదు. అజొల్లా ఆకు గదుల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచును కూడా తల్లి ఆ ఆడ బీజంతో పాటే పంపుతుంది, కూతురికి సారె ఇచ్చినట్టు. నాకు ఈ మొక్కలో అన్నిటికంటే అపురూపంగా అనిపించేది ఇదే. కానీ బీజం నుంచి మొక్క తేలి మడి నిండాలంటే చాలా రోజులు పడుతుంది. సార్వా అంతసేపు ఆగదు.

అందుకే పచ్చగా, తడిగా ఉన్న అజొల్లానే తోటి రైతుల దగ్గరో, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడిగి తెచ్చుకోండి. దమ్ము చేసి చదును చేసిన మడిలో పలచగా నీరు పెట్టి ఎకరాకు 100–150 కిలోలు చల్లండి. 20 కిలోల సూపర్ ఫాస్ఫేట్ కూడా వేయండి, భాస్వరం చాలకపోతే అజొల్లా ఎర్రబడి ఎదగదు. 2–3 వారాలు పెరగనిచ్చి, నీరు తీసేసి కలియదున్నాక ఊడ్పులు వేసుకోండి. ఎకరాకు సుమారు 12 కిలోల నత్రజని అందుతుంది, యూరియా ఆ మేరకు తగ్గించవచ్చు.

వచ్చే వేసవిలో ఈ టెన్షన్ ఉండకూడదంటే, కాలువలకు నీళ్లు ఆపకముందే ఒక కిలో అజొల్లా ఇంటికి తెచ్చుకోండి. కొబ్బరి చెట్ల నీడలో 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గుంట తీసి సిల్పాలిన్ (గట్టి ప్లాస్టిక్) షీట్ పరవండి. 10–15 కిలోల జల్లించిన మట్టి వేసి, 2 కిలోల పేడ, 30 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ నీళ్లలో కలిపి పోసి, నీటిమట్టం నాలుగు అంగుళాలు ఉండేలా చూసి, తెచ్చిన అజొల్లాను అందులో వదలండి. మొక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలోగా తీస్తూ ఉండాలి, లేకపోతే అడుగువి కుళ్లుతాయి. తీసినది కడిగి గేదెకు దాణాలో కలిపి పెట్టండి.